రెండుసార్లు పలికిన గొంతులు

ఇద్దరు ఆడవాళ్లయినా, ఇద్దరు మగవాళ్లయినా పెళ్లాడవచ్చనే సమ వివాహ బిల్లుకి కళింగాంధ్ర శాసనసభలో ప్రాణం పోవడానికి నిమిషం కూడా పట్టలేదు. మూడు రోజుల చర్చ, రెండు వాకౌట్లు, ఒకాయన కన్నీళ్లు, ఇంకొకాయన శ్లోకాలు అన్నీ అయ్యాక స్పీకరు గొంతు సవరించుకుని, "బిల్లు కావాలనేవారు అవును అనండి" అన్నారు. సభ అవునంది. "వద్దనేవారు కాదు అనండి" అన్నారు. సభ కాదంది, ఈసారి బల్లలు అదిరేలా. "కాదన్నవారే ఎక్కువ. బిల్లు వీగిపోయింది" అని ఆయన కాగితం తిప్పి చేపల రేవుల సెస్సు గురించి చదవడం మొదలుపెట్టారు.

దీన్ని మూజువాణి ఓటు అంటారు. ఎవరేమన్నారో ఎవరికీ తెలియదు, గోల ఎటు ఎక్కువైతే అటు గెలుపు. కాదు, తలలు లెక్కపెట్టాల్సిందే అనుకుంటే విభజన అడగాలి. కానీ కొత్త రాష్ట్రం, కొత్త నిబంధనలు. ఓడినవాళ్లు ప్రతిదానికీ విభజన అడిగి సభను సాగదీస్తున్నారని, గెలిచినవైపు సభ్యుడే, అదీ ఆ సమావేశాలు ముగిసేలోగా అడగాలని రాసుకున్నారు. గెలిచినవాడు ఎందుకు అడుగుతాడో రాసినవాళ్లకే తెలియాలి. బిల్లు పెట్టినవాళ్లు "విభజన, విభజన" అని ఎంత అరిచినా చెల్లలేదు.

టీవీ ముందు కూర్చున్న హిమబిందు ఇవేవీ వినలేదు. కెమెరా సభ మీదుగా తిరిగినప్పుడు మూడో వరసలో తల్లి కనిపించింది. నాగూరువలస ఎమ్మెల్యే పైడమ్మ, నోరంతా తెరిచి, బల్ల మీద అరచేత్తో కొడుతూ 'కాదు' అంటోంది.

"కట్టెయ్ బిందూ" అంది సువార్త పక్కనుంచి. "జూన్‌లో మళ్లీ నా పెట్టె సర్దుకోవాలి, అంతే కదా."

అంతే. సువార్త ఏజెన్సీలో, జోలాపుట్టు అవతల ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు. బిందు విశాఖపట్నంలో ఓ పరిశోధనశాలలో ధ్వని శాస్త్రజ్ఞురాలు. మొగుడు ఒకచోట, పెళ్లాం ఒకచోట ఉద్యోగాలు చేస్తుంటే దగ్గరికి బదిలీ చేసే పద్ధతి సర్కారుకి ఎప్పటినుంచో ఉంది. పెళ్లయిందని చూపించాలి. వీళ్లకి చూపించడానికేమీ లేదు. తొమ్మిదేళ్లుగా శనివారం బస్సులో రావడం, ఆదివారం బస్సులో పోవడం, వేసవి సెలవుల్లో మాత్రం ఇలా ఒక ఇంట్లో ఉండడం. ఈ బిల్లు నెగ్గితే ఈ జూన్ బదిలీల్లోనే సువార్త కిందికి దిగొచ్చేది.

"మా అమ్మ మొహం చూశావా?" అంది బిందు.

"చూశాను. చూడనట్టు ఊరుకుందాం."

బిందు ఊరుకునే మనిషి కాదు. చెప్పులు వేసుకుని పరిశోధనశాలకి బయల్దేరింది.

అక్కడ 'జల్లెడ' ఉంది. పెద్ద పేరేదో ఉంది గాని అందరూ జల్లెడ అనే అంటారు. వెయ్యిమంది ఒక్కసారి అరిచిన గోలలోంచి మనకి కావలసిన ఒక్క గొంతును విడదీసి ఇచ్చే యంత్రం అది. ఆ గొంతు విడిగా పలికిన ముక్క ఒకటి ముందు దానికి వినిపించాలి. కిందటేడు సిరిమాను జాతరలో ఒక తల్లి ఏడుస్తూ వచ్చి, ఫోనులో కూతురు పద్యం చెబుతున్న వీడియో చూపించింది. బిందు దాన్ని జల్లెడకి వినిపించింది. స్తంభాలకి కట్టిన మైకులన్నిట్లోంచీ వచ్చే హోరులో జల్లెడ ఆ పిల్ల ఏడుపును పట్టుకుని, ఫలానా స్తంభం దగ్గర అని చూపించింది. పిల్ల సోడా బండి కింద దొరికింది. ఆ రోజు పరిశోధనశాల అధిపతి దస్తగిరి సారు జీళ్లు పంచిపెట్టారు.

సారు ఇంకా గదిలోనే ఉన్నారు. బిందు చెప్పింది విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"గోల దొరుకుతుందమ్మా, టీవీలో వచ్చిందే కదా. విడి గొంతులు ఎక్కడ తెస్తావు?"

"ప్రమాణ స్వీకారం సార్. ఒక్కొక్కళ్లే మైకు ముందుకొచ్చి 'అనే నేను' అంటూ చదివారు. పేరుతో సహా ఉంది."

"ఇది తప్పిపోయిన పిల్లల కోసం చేశాం" అన్నారు సారు.

"ఒక్క గొంతే సార్. మా అమ్మది."

నిజంగా ఒక్కటే అనుకుంది. కానీ కోపంలో ఉన్న మనిషి ఒక్కదానితో ఆగదు. ఆ పూట సభలో ఉన్న ఎనభై ఎనిమిదిమంది ప్రమాణాలూ వరసగా జల్లెడలో పోసింది.

వచ్చిన లెక్క చూసి ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అవునన్న గొంతులు యాభై ఒకటి. కాదన్నవి యాభై ఎనిమిది. కలిపితే నూట తొమ్మిది. ఉన్నది ఎనభై ఎనిమిదిమందే.

"గుమ్మటం కింద కదా, ప్రతిధ్వని పట్టుకుని ఉంటుంది" అన్నారు సారు, తేలిగ్గా ఊపిరి తీసుకుంటూ. "పనికిరాదు. తుడిచెయ్యి."

బిందుకి తన యంత్రం మీద నిందపడితే ఒళ్లు మండుతుంది. ప్రతిధ్వని తీసేసి మళ్లీ పోసింది. నూట తొమ్మిదే. సభ వెనక గోడ ఎంత దూరమో కనుక్కుని ఆ మేరకు సరిచేసి మళ్లీ పోసింది. నూట తొమ్మిదే. అప్పుడు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తల్లి గొంతు విడిగా విన్నది.

పైడమ్మ 'అవును' అంది.

చిన్నగా, పెదాలు కదిలీ కదలకుండా. ఆ గొంతు బిందుకి తెలుసు. పట్నంలో హాస్టల్లో చేరతానని తను మొండికేసినప్పుడు, వాకిట్లో నాన్న రంకెలు వేస్తుండగా, వంటింట్లో తల్లి తన చెవిలో చెప్పిన 'అవును' అది. దాని వెనకే మూడు లెక్కపెట్టేంతలో రెండోది వచ్చింది, 'కాదు' అని, బహిరంగ సభల గొంతుతో, బల్ల చప్పుడుతో సహా.

రెండూ అంది. రెండూ అన్నవాళ్లు తల్లితో కలిపి ఇరవై ఒక్కమంది. బిందు అందరివీ విన్నది. అందరూ ఒక్కలాగే అన్నారు. మొదటిది లోగొంతుకతో, రెండోది గొంతు చించుకుని.

"యంత్రం తప్పు కాదు సార్" అంది ఇయర్‌ఫోన్లు తీసి. "మనుషులే అలా ఉన్నారు."

ఒక్కొక్కళ్లూ ఏమనుకున్నారో ఊహించడం కష్టం కాదు. మనసులో ఉన్నది అవునే. అది మిగతావాళ్ల అవునుల్లో కలిసి లెక్కకొస్తుందిలే అనుకున్నారు. కాదు అనేది పక్క కుర్చీవాడి చెవి కోసం. విప్ ఉంది మరి. పార్టీ వద్దన్నవైపు నిలబడితే ఈ రాష్ట్రంలో సభ్యత్వం అప్పటికప్పుడే పోతుంది. ఓటు చెల్లుతుంది, వేసినవాడు చెల్లడు. అందుకని ఆ ఇరవై ఒక్కమందీ తెలివిగా రెండువైపులా పలికారు, నేనొక్కణ్ణే కదా, దీనివల్ల మునిగేదేముందని. ఆ ఇరవై ఒక్క తెలివితేటలూ కలిసి, తాము బతకాలనుకున్న బిల్లునే తొక్కి చంపాయి. కాదని మాత్రమే అన్నవాళ్లు ముప్ఫై ఏడుగురే.

బిందుకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సువార్తకి మాత్రం రెండూ రాలేదు. ఇంటికొచ్చి చెప్పగానే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"పేర్లు బయటపెట్టు."

"పెట్టను."

"శ్లోకాలు చదివినాయన ఉన్నాడా అందులో?"

బిందు మొహం తిప్పుకుంది.

"ఉన్నాడన్నమాట! బిందూ, తొమ్మిదేళ్లు. ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకుంటూ తొమ్మిదేళ్లు తిరిగాను నేను. వాళ్ల సీటు పోతే పోనీ. మన బతుకు మీద రెండు నాలుకలతో మాట్లాడారు, ఊరంతా విననీ."

"నీ బడిలో ఆ రోజు గుర్తుందా?"

సువార్త ఆగిపోయింది. ఆ రోజు ఇద్దరికీ గుర్తే. వీళ్లిద్దర్నీ కలిపి ఎవరో చూసి, ఎవరికో చెప్పి, సువార్త సోమవారం బడికి వెళ్లేసరికి వంటమనిషితో సహా అందరికీ తెలిసిపోయింది. తన నోటితో తను చెప్పుకోవలసిన మాట అది. తనకంటే ముందు లోకం చెప్పేసింది. రెండు నెలలు సువార్త సరిగ్గా అన్నం తినలేదు.

"అది వేరు, ఇది వేరు" అంది సువార్త. గొంతులో మునుపటి పదును లేదు.

"అదీ గోలలోంచి ఒక గొంతును లాగి నడివీధిలో పెట్టడమే, ఇదీ అదే. రేపు కార్మికుల నినాదాల్లోంచి పేర్లు తీసిమ్మని ఇంకెవరో వస్తారు. నేను ఇవ్వను సువార్తా. ఇవ్వకుండా ఈ బిల్లును లేపుతాను."

"ఎలా లేపుతావు?"

"గెలిచినవైపు ఒకళ్లు అడిగితే చాలు. సభ ఎల్లుండి దాకా ఉంది."

మర్నాడు పరిశోధనశాలలో, దస్తగిరి సారు చూస్తుండగా, ప్రమాణాలన్నీ, విడదీసిన గొంతులన్నీ చెరిపేసింది. తల్లి గొంతు ముక్కలు రెండు మాత్రం ఫోనులో ఉంచుకుంది. ఆపైన జల్లెడ లోపల కూర్చుని, పెద్దల గొంతు వినిపిస్తే అసలు పనిచేయకుండా, పసి గొంతు అయితేనే కదిలేలా దాన్ని మార్చేసింది. జల్లెడ నచ్చితే డబ్బిస్తామని, హోం శాఖ వాళ్లు వచ్చే నెల చూడ్డానికి వస్తామన్నారు. వాళ్లకి ఇక చూపించడానికేమీ ఉండదు. అంటే కొత్త భవనం రాదు, నలుగురు పరిశోధకుల జీతాలు రావు. సారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "భవనం లేకపోతే షెడ్డులో కూర్చుందాం" అన్నారు. ఆ మాటకి బిందుకి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

అక్కణ్ణించి తిన్నగా భీమిలి వెళ్లింది. రాజధాని అయ్యాక భీమిలిలో కొండవాలంతా ఎమ్మెల్యే క్వార్టర్లే. పైడమ్మ వరండాలో పింఛన్ల వాళ్లతో మాట్లాడుతోంది. కూతుర్ని చూసి వాళ్లని పంపేసింది.

"ఏటమ్మీ, సెప్పకుండా వచ్చీసినావు? తిన్నావేటి?"

ఐదేళ్ల కిందట బిందు తన సంగతి చెప్పినప్పుడు పైడమ్మ తిట్టలేదు, ఏడవలేదు. ఆ మాటే విననట్టు ఊరుకుంది. అప్పట్నించీ ఫోన్లో 'తిన్నావా' తప్ప ఇంకోటి అడగలేదు. సువార్త పేరు ఎత్తలేదు. కూతురి ఇంటి గుమ్మం తొక్కలేదు.

"కూర్చో అమ్మా. ఒకటి విను" అని బిందు ఇయర్‌ఫోన్లు తల్లి చెవుల్లో పెట్టింది.

పైడమ్మ విన్నది. రెండోసారి విన్నది. తర్వాత నెమ్మదిగా తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇది నాదే" అంది. "అంత గోలలో నన్నెవులింటారులే అనుకున్నాను."

"నేను విన్నాను."

"నీ కోసమే అన్నానే. మొదటిది నీ కోసమే."

"రెండోది?"

"పక్కన అప్పలసూరి కూకున్నాడు. ఆడి చెవి నా నోటికాడే ఉంటాది. ఇన్నాడంటే సాయంత్రానికి పార్టీ పెద్దల దగ్గర మోసీసేవోడు."

బిందు నాలుక కరుచుకుంది. అప్పలసూరి కూడా ఆ ఇరవై ఒక్కమందిలో ఉన్నాడు. పైడమ్మ చెవికి భయపడి ఆయనా 'కాదు' అని అరిచాడు. ఆ మాట చెబితే పని సగం అయిపోతుంది. చెప్పలేదు.

"అమ్మా, నీలాగా రెండూ అన్నవాళ్లు ఇంకో ఇరవైమంది ఉన్నారు."

పైడమ్మ చప్పున తలెత్తింది. ముప్ఫై ఏళ్ల రాజకీయం ఒక్కసారిగా కళ్లలోకి వచ్చింది. "ఇరవై మందా? పేర్లు సెప్పు. రాత్రికి ఒకొక్కల్నీ పట్టుకుంటాను."

"చెప్పను. చెరిపేశాను."

"నీ బుర్రలో ఉండవేటి? సెప్పవే అమ్మీ, లేపోతే పనవ్వదు!"

"ఉన్నా చెప్పను. వాళ్ల మాట వాళ్లే చెప్పాలి. నీ మాట నీకే తెచ్చాను, ఇంకెవరికీ వినిపించలేదు. నువ్వు లేస్తావో లేవవో నీ ఇష్టం. లేస్తే నీ సీటు పోతుందని తెలిసే అడుగుతున్నాను."

పైడమ్మ వరండా అవతల కొండ కింద సముద్రాన్ని చూస్తూ కూర్చుంది. మూడుసార్లు గెలిచిన సీటు అది. భర్త పోయాక ఆ సీటు కోసమే లేచేది, ఆ సీటు కోసమే తినేది.

"నాను లెగిసి, ఇంకెవులూ లెగకపోతే?" అంది చాలాసేపటికి.

"అప్పుడు నువ్వొక్కదానివే నిలబడి ఉంటావు" అంది బిందు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

బిందు లేచి వచ్చేసింది. ఆ రాత్రంతా ఫోను చూస్తూనే ఉంది. ఫోను రాలేదు.

సభ ఆఖరి రోజు బిందు, సువార్త సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నారు. సువార్త రానంది గాని వచ్చింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. కింద సభలో సగంమంది ఊళ్లకి వెళ్లే తొందరలో ఉన్నారు. స్పీకరు సభను ముగించబోతున్నట్టు కాగితాలు సర్దుకున్నారు.

"అధ్యక్షా" అంది పైడమ్మ, మూడో వరసలోంచి లేచి. "మొన్నటి పెళ్లిల్ల బిల్లు మీద విభజన అడగతన్నాను."

స్పీకరు కళ్లజోడు సరిచేసుకున్నారు. "అమ్మా, గెలిచినవైపు సభ్యులే అడగాలి."

"నానూ కాదన్నాను కదా అధ్యక్షా! బల్ల గుద్ది మరీ అన్నాను, టీవీలో సూడండి. నాకు హక్కుంది." సభలో నవ్వులు. పైడమ్మ నవ్వలేదు. "దానికి ముందర అవును అని కూడా అన్నాను. అది ఎవులకీ ఇనపళ్లేదు. నాకు ఒక్కగానొక్క కూతురు. ఇంకో ఆడపిల్లతోటి కాపరం సేస్తంది. ఆ పిల్ల పేరు సువార్త. ఐదేళ్లయి నాను ఆ పేరు నోట అన్లేదు, ఇప్పుడంటన్నాను. మొన్న నా కూతురి కోసం ఒకటన్నాను, నా సీటు కోసం ఒకటన్నాను. సీటు కోసం అన్నదే గట్టిగా అన్నాను."

సభలో నవ్వులు ఆగిపోయాయి.

"నాలాగ అన్నోల్లు ఈ సభలో ఇంకా ఉన్నారు. ఎవులో నాకు తెల్దు, తెలుసుకోను కూడా. ఆల్లకి ఒకటే సెప్తన్నాను. మీరొక్కలే అనుకోకండి."

పార్టీ నాయకుడు లేచి ఏదో అరిచాడు. స్పీకరు కార్యదర్శితో మాట్లాడి, నిబంధనల పుస్తకం తిరగేసి, ఇష్టం లేకుండానే గంట కొట్టించారు. తలుపులు మూశారు. "బిల్లు కావాలనేవారు నిలబడండి."

బిల్లు పెట్టినవాళ్లు ముందే లేచారు. వాళ్లది సభకి అవతలివైపు. ఇవతలివైపు పైడమ్మ ఒక్కతే నిలబడి ఉంది. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుంది. సువార్త బిందు చెయ్యి పట్టుకుంది.

ఆ సభలో కుర్చీలు, మనిషి లేవగానే అడుగుపలక టప్పున వెనక్కి మడుచుకునే రకం. పైడమ్మ పక్కన ఆ చప్పుడు ఒకటి వినిపించింది. అప్పలసూరి లేచాడు. తలెత్తి ఎవరినీ చూడలేదు గాని లేచాడు. పైడమ్మ అతనివైపు తిరిగి నోరు తెరిచి ఉండిపోయింది.

బిందు కళ్లు మూసుకుంది. రెండూ అన్నవాళ్లు ఎవరెవరో లోకంలో తనొక్కదానికే ముందుగా తెలుసు. తెలిసిన మనిషి చూడకూడదనిపించింది. వింటూ కూర్చుంది. ఎక్కడో ఒక టప్పు. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ రెండు వరసగా. వెనక బెంచీల్లో ఒకటి. తర్వాత ఒకదాని మీద ఒకటి పడుతూ ఎన్నో. ఏ చప్పుడు ఎవరిదో తన యంత్రం కూడా చెప్పలేదు. అందుకు బిందుకి ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి లేదు.

"అవును నలభై ఆరు, కాదు నలభై రెండు" అన్నారు స్పీకరు, తనే నమ్మలేనట్టు. "బిల్లు ఆమోదం పొందింది." అదే గుక్కలో కార్యదర్శి ఇచ్చిన కాగితం అందుకుని, విప్ ధిక్కరించినవారి పేర్లు చదవడం మొదలుపెట్టారు. మొదటి పేరు పైడమ్మది.

గ్యాలరీలో సువార్త వెక్కి వెక్కి ఏడుస్తోంది. "శ్లోకాలాయన లేవలేదు బిందూ, నేను చూశాను" అంది ఏడుపులోనే.

"చూస్తే చూశావు. ఎవరికీ చెప్పకు" అంది బిందు. సువార్త తల ఊపింది.

పైడమ్మ గేటు బయటికి వచ్చేసరికి ఆమె కారు లేదు. పార్టీ ఇచ్చిన కారు, పార్టీతోనే వెళ్లిపోయింది. చేతిసంచీ పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. దగ్గరికొచ్చిన ఇద్దర్నీ చూసి, కూతురితో కాకుండా సువార్తతో అంది. "మీ ఇంటికి ఏ బస్సెల్తాదమ్మా?"

బస్సుల సంగతి సువార్తని మించి తెలిసినవాళ్లెవరు. "ఆ మలుపులో ఆగుతుందండీ, మేడమ్ గారూ. మరి రద్దీగా ఉంటుంది" అంటూ సంచీ అందుకుంది.

రద్దీగానే ఉంది. ముగ్గురూ కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. కాలేజీ కుర్రాడొకడు పైడమ్మ మొహంలోకి తేరిపార చూసి సీట్లోంచి లేచాడు. "మీరు ఎమ్మెల్యే పైడమ్మ గారు కదండీ? కూర్చోండి."

పైడమ్మ కూర్చుంది. సంచీ అందుకుని ఒళ్లో పెట్టుకుంది. బహిరంగ సభల గొంతుతో, ఇంజను హోరు మీంచి బస్సంతా వినేలా అంది.

"ఎమ్మెల్యేని పొద్దుటిదాకా బాబూ. ఇప్పుడు నాను ఈ పిల్లకి అత్తగార్ని."